దొలోరెస్ గంట

మెక్సికోలోని గ్వానహ్వాతో ఊళ్లో అల్‌హోందిగా అనే పాత ధాన్యపు గిడ్డంగి ఉంది. ఎత్తైన రాతి గోడలు. నాలుగు మూలల్లో పైన ఇనుప కొక్కేలు. స్పెయిన్ పాలన మీద తిరగబడిన ఇదాల్గో, అయెందే, అల్దామా, హిమేనెస్ అనే నలుగురి తలల్ని 1811లో పంజరాల్లో పెట్టి అక్కడే వేలాడదీశారు. 1821 దాకా దించలేదు. సెప్టెంబరు 14 సాయంత్రం ఆ గోడ కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు మాట రాలేదు.

మర్నాడు బస్సులో కొండదారి పట్టి దొలోరెస్ చేరాను. ఇదాల్గో ఇక్కడి చర్చి ఫాదర్. ప్రార్థనలతో సరిపెట్టుకోకుండా ఊరివాళ్లకు కుండల పని, పట్టుపురుగుల పెంపకం నేర్పించాడు. ఇప్పటికీ ఏ వీధిలో చూసినా రంగురంగుల పింగాణీయే. చర్చి ముందున్న చౌక్‌లో అవకాడో, మొక్కజొన్న ఐస్‌క్రీములు అమ్ముతారు. మొక్కజొన్నది తిన్నాను, చాలా బాగుంది.

కెరెతరో ఊళ్లో రహస్యంగా నడుస్తున్న, ఇదాల్గో కూడా ఉన్న తిరుగుబాటు ప్రయత్నం 1810 సెప్టెంబరులో బయటపడిపోయింది. అక్కడి అధికారి భార్య హొసేఫా ఓర్తీస్, తనను గదిలో పెట్టి తాళం వేసినా, ఎలాగో ఆ సంగతి ఇదాల్గో వాళ్లకు చేరేలా కబురు పంపింది. కబురు అందాక ఇక ఆగే వీల్లేదు. 16 తెల్లవారుజామున ఇదాల్గో చర్చి గంట మోగించి జనాన్ని పిలిచాడు. ఆ పిలుపునే ‘గ్రీతో’ అంటారు, అంటే కేక. ఆయన సరిగ్గా ఏ మాటలు అన్నాడో ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ గంట ఇప్పుడు ఇక్కడ లేదు. 1896లో అప్పటి అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ దాన్ని మెక్సికో సిటీకి తరలించాడు. ఏటా 15 రాత్రి 11కి దేశాధ్యక్షులు మోగించేది దాన్నే. దొలోరెస్‌లో ఉన్నది దాని నకలు.

రాత్రి చౌక్‌లో కాలు పెట్టే చోటు లేదు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా చేతిలో చిన్న జెండా పెట్టింది. గంట మోగింది. ఒక్కో పేరూ పిలుస్తుంటే జనమంతా ‘వీవా!’ అని, అంటే వర్ధిల్లాలి అని, బదులిస్తున్నారు. ఇదాల్గో... వీవా! అయెందే... వీవా! నిన్న కొక్కేల దగ్గర తలచుకున్న పేర్లే. నా గొంతు పూడుకుపోయింది. చివర్లో మూడుసార్లు ‘వీవా మెహికో’. అప్పటికి నేనూ అరుస్తున్నాను.

మనకు ఆగస్టు 15 అంటే స్వరాజ్యం చేతికి వచ్చిన రోజు. వీళ్ల పండుగ అలాంటిది కాదు. మెక్సికోకు స్వాతంత్ర్యం దక్కింది 1821 సెప్టెంబరు 27న. ఆ రోజుకు జాతీయ సెలవు కూడా లేదు. అప్పుడు సేనతో రాజధానిలోకి వచ్చిన ఇతుర్బిదే అంతకుముందు స్పెయిన్ రాజు తరఫున ఈ తిరుగుబాటుదార్ల మీదే కత్తి దూసినవాడు. మరుసటి ఏడాదే చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. పండగకి గెలిచిన రోజును వదిలి, ఓడిపోయి ప్రాణాలిచ్చినవాళ్లు గంట కొట్టిన రోజును ఎంచుకున్నారు. నాకు ఇదే న్యాయం అనిపించింది.

నిద్ర పట్టలేదు. ఐదింటికి మళ్లీ చర్చి దగ్గరికి వెళ్లాను. మూడు రంగుల కాగితం ముక్కల్ని ఎవరో ఊడుస్తున్నారు. చలిగా ఉంది. ఇదాల్గో గంట తాడు అందుకున్నది ఇలాంటి మసక చీకట్లోనే. పైన గంట కదలకుండా ఉంది. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.