ప్రోస్టేట్ వాపు ముసలివాళ్లకే రాదు

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగువాళ్లం జీతాలూ అద్దెలూ అన్నీ మాట్లాడుకుంటాం. మూత్రంలో మంట అని చెప్పాలంటే మాత్రం నోరు పెగలదు.

నాకు పొత్తికడుపు కింద నొప్పి, కూర్చుంటే ఇంకా ఎక్కువ. ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు అన్నారు యూరాలజిస్ట్. 50 ఏళ్లలోపు మగవాళ్లలో ఇది మామూలేనట. కల్చర్ టెస్టులో బాక్టీరియా కనిపించలేదు, అందుకే యాంటీబయాటిక్స్ సాగదీయలేదు. గోరువెచ్చని నీళ్ల టబ్‌లో కూర్చోవడం, కటి కండరాలు వదులయ్యేలా ఫిజియోథెరపీ, కాఫీ తగ్గించడం (బెంగళూరులో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానడం, అదీ అసలు శిక్ష). పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ప్రొటీన్, రక్తపరీక్షలో చూస్తారు) పెరిగిందని ఇంట్లో క్యాన్సర్ టెన్షన్. వాపు వల్ల కూడా అది పెరుగుతుంది, తగ్గాక మళ్లీ చూస్తారు.

చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆలస్యం చేయొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.