సంతలో గొర్రెలు, పిల్లలు అమ్మడం: నా అనుభవం

సంతకు ఏవి తోలాలి, వాటిని ఏ గుంపుగా నిలబెట్టాలి అన్నది దొడ్డిలోనే తేలిపోవాలి. అమ్మకం మొత్తంలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ పనికే. పెబ్బేరు లాంటి పెద్ద సంతయినా, మండల కేంద్రంలో జరిగే చిన్న వారసంతయినా కొనేవాళ్లు నాలుగు రకాలుగా ఉంటారు. మాంసం వ్యాపారులకు కండపట్టిన పొట్టేళ్లు కావాలి. పొట్టేలు పిల్లల్ని కొని కొన్ని నెలలు మేపి అమ్ముకునేవాళ్లు పాలు మరిచిన మూడు, నాలుగు నెలల పిల్లల కోసం వస్తారు. మంద పెంచుకునేవాళ్లు చూడి గొర్రెల్ని, తల్లీపిల్లల్ని వెతుక్కుంటారు. వట్టిపోయినవి, పళ్లు ఊడినవి చౌకగా కొనే చిల్లర వ్యాపారులు వేరు. ఈ నాలుగు రకాల జీవాల్నీ కలిపి ఒకే గుంపుగా నిలబెడితే ఏ రకానికీ పూర్తి ధర రాదు. కొనేవాడి కన్ను ముందు బక్కదాని మీదే పడుతుంది. గుంపంతటికీ దాని లెక్కనే అడుగుతాడు.

పిల్లల్ని తెల్లారగట్ల, మేతకు వదలకముందే తూచుకోవాలి. గోనెసంచి నాలుగు మూలలకు తాళ్లు కట్టి, అందులో పిల్లను ఉంచి, వేలాడే డిజిటల్ కాటాకు తగిలిస్తే సరిపోతుంది. బరువులో రెండు మూడు కిలోలకు మించి తేడా లేనివి ఒక జట్టు. మన సంతల్లో బేరం జత లెక్కన నడుస్తుంది కాబట్టి, జట్టులో సరిసంఖ్య ఉండేలా చూస్తాను. ఒంటిగా మిగిలినదాన్ని ఎప్పుడూ తగ్గించే అడుగుతారు.

కాటా ఎందుకంటే, వ్యాపారి కంటితోనే మాంసం లెక్క కట్టేస్తాడు, మనకూ ఆ లెక్క చేతిలో ఉండాలి. ఓ మోస్తరు కండ ఉన్న పొట్టేలు బరువులో 45 నుంచి 50 శాతం మాంసం పడుతుంది. అంటే 24 కిలోల పొట్టేలుకు 11 నుంచి 12 కిలోలు. బక్కగా ఉంటే అంత కూడా రాదు. ఆ వారం మీ దగ్గర కిలో మాంసం ఎంతకు అమ్ముతున్నారో కనుక్కుని, అందులోంచి కోత ఖర్చు, రవాణా, వ్యాపారి మిగులు తీసేసి చూస్తే, ఏ ధర దగ్గర గట్టిగా నిలబడాలో తెలుస్తుంది. ప్రయాణంలో, ఎదురుచూపులో బరువు తగ్గుతుందని మరిచిపోకూడదు. ఇంటి దగ్గర 24 కిలోలు తూగింది సంతలో 23కు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

వ్యాపారి చెయ్యి ఎక్కడ పడుతుందో గమనిస్తే చాలా నేర్చుకోవచ్చు. ముందు నడుము మీద అరచెయ్యి ఆనించి, బొటనవేలితో వెన్నుపూస పక్క ఎముకల కొనలు తడుముతాడు. కొనలు పదునుగా తగిలితే బక్కది. గుండ్రంగా, కండ కింద అణిగి తగిలితే ధర పలుకుతుంది. ఎంత నొక్కినా కొనలు దొరక్కపోతే కొవ్వు పేరుకుందని అర్థం. తర్వాత తోక మొదలు పట్టుకుంటాడు, ఆపైన రొమ్ము. అవే మూడుచోట్ల మీరూ ఇంట్లో తడిమి చూసుకోండి. నడుము మీద ఎముక తగిలే పిల్లల్ని ఒక నెల ఆపి, పల్లీ చెట్టు, కంది పొట్టు, కాస్త దాణా పెట్టి మేపడం, ఆ వారమే అమ్మడం కన్నా చాలాసార్లు లాభం. ఇంట్లో మేత లేనప్పుడు మాత్రం ఆపడంలో అర్థం లేదు.

ఏ నెలలో తోలాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. పొట్టేళ్లకు ఆషాఢంలో బోనాలు, దసరా, సంక్రాంతి వెనకే కనుమ గిరాకీ తెస్తాయి. శ్రావణం, కార్తీకం మాసాల్లో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, అప్పుడు ధర మెత్తబడుతుంది. బక్రీద్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కాబట్టి, దానికి పెంచేవాళ్లు ఈత దగ్గర్నుంచే లెక్క వేసుకోవాలి. కుర్బానీకి కొనేవాళ్లు ఈడు చూస్తారు, ఒంట్లో లోపం ఉండకూడదంటారు. కుంటిది, కన్ను పోయింది, కొమ్ము మొదలంటా విరిగింది తీసుకోరు. అలాంటిది ఎంత బరువున్నా మాంసం వ్యాపారికే వెళ్తుంది. తల్లి గొర్రెలకు తొలకరి పడి గడ్డి మొలిచాక మంచి ధర వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు, మేత లేక అందరూ అమ్మేవాళ్లే ఉంటారు, కొనేవాళ్లు తక్కువ.

మందుల విషయంలో తొందర పనికిరాదు. పీపీఆర్ (పారుడు రోగం) టీకా మూడు నెలలు దాటిన పిల్లలకు వేయిస్తాం. వేయించిన మూడు వారాల లోపు వాటిని సంతకు తీసుకెళ్లను. టీకా ఒంటబట్టడానికి అంత గడువు కావాలి, సంతంటే పది ఊళ్ల జీవాలు ముక్కూ ముక్కూ రాసుకునే చోటు. నట్టల మందు తాగించాక మాంసానికి ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటాకే కోతకు అమ్మాలి. గొర్రె చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాగించకూడదు, కడుపులో పిల్లకు అవకరం వస్తుంది. ఈ విషయం కొనేవాళ్లకు కూడా చెప్పి పంపడం మన బాధ్యత.

జీవాల్ని వాహనంలో ఆరు గంటలకు మించి తరలించేటప్పుడు పశువైద్యాధికారి ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలని 1978 నాటి పశువుల రవాణా నిబంధనలు చెబుతున్నాయి. ముందురోజే పశువైద్యశాలకు వెళ్లి తీసుకోండి. చెవికి గుర్తింపు పోగు ఉన్న జీవాల పోగు సంఖ్యలు ఒక కాగితం మీద రాసుకోవాలి. బీమా ఉన్నవాటిని అమ్మితే ఆ సంగతి బీమా కంపెనీకి తెలపాలి. 2017లో తెలంగాణలో మొదలైన రాయితీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిన యూనిట్లు పెంచుకోవడానికే గానీ తిరిగి అమ్ముకోవడానికి కాదు. ఆ పోగులతో సంతకొస్తే తగాదా తప్పదు.

ముందురోజు రాత్రి ఎండుమేత, మామూలు నీళ్లు చాలు. కడుపు నిండుగా కనిపించాలని ఉప్పు కలిపిన తవుడు పెట్టి నీళ్లు తాగించేవాళ్లున్నారు. పొద్దున్నకి పారుకుంటుంది. వెనక కాళ్ల మీద పేడ చారలు కనబడితే చాలు, కొనేవాడు రోగమనుకుని పక్కకు పోతాడు. పచ్చి జొన్న, ధాన్యం అప్పుడే కొత్తగా పెట్టినా ఇదే పరిస్థితి.

వాహనంలో కింద రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ ఇసుక గానీ పరవాలి. రేకు మీద కాళ్లు జారితే ఒకటి పడుతుంది, మిగతావి తొక్కుతాయి. మధ్యలో చెక్క అడ్డం పెట్టి పిల్లల్ని ఒకవైపు, పెద్దవాటిని ఒకవైపు, పొట్టేళ్లను విడిగా ఉంచాలి. కొమ్ములు పట్టి, చర్మం పట్టి లాగి ఎక్కించకూడదు. పట్టిన చోట చర్మం కింద రక్తం గడ్డకట్టి, కోశాక నల్ల మచ్చగా బయటపడుతుంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి వెనక తొడల వెనక పెట్టి ఎత్తాలి. నలుగురు కలిసి ఒకే బండిలో తెచ్చినప్పుడు ఎవరి జీవాలకు వారి రంగు వీపు మీద పెట్టుకోండి. తల్లీపిల్లలుంటే రెండింటికీ ఒకే అంకె వేయండి. సంత గోలలో పిల్ల తప్పిపోతే తల్లి ధర కూడా పడిపోతుంది.

మన సంతల్లో వేలంపాట జరిగేది సంత నడిపే హక్కుకే. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ ఏటా పాట పెడుతుంది, పాడుకున్న గుత్తేదారు తలకింత అని రుసుము తీసుకుంటాడు. జీవాల అమ్మకమంతా మనిషికీ మనిషికీ మధ్య బేరమే. రుసుము ఎంతో చాలాచోట్ల బోర్డు మీద రాసి ఉంటుంది. చీటీ లేకుండా డబ్బు ఇవ్వకండి. దూరం నుంచి లారీలతో వచ్చే పెద్ద వ్యాపారులు తెల్లవారుజామునే కొనేస్తారు, వెలుతురు వచ్చేసరికి సగం సంత అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల పెంపకందార్లు. వాళ్లు నెమ్మదిగా చూస్తారు, తల్లి గొర్రెలకు మంచి ధర కూడా ఇస్తారు. అందుకని పొట్టేళ్లను చీకటితోనే, గొర్రెల్ని పొద్దెక్కాక బేరానికి పెడతాను. గోడ వారగా, సమతలంగా ఉన్న చోట, పొడవాటి తాడుకు వరసగా కట్టి నిలబెడితే జీవాలు బెదరవు, చూసేవాళ్లకూ వీలు.

బేరంలో మొదట తేల్చాల్సింది మూడు. చెప్పిన ధర జతకా, ఒక్కదానికా? ఏరుకునే బేరమా, గుంపంతా కలిపి గుత్త బేరమా? దళారి ఉంటే అతనికి ఎవరు, ఎంత ఇవ్వాలి? వీటిలో ఏది తేలకపోయినా చివర్లో గొడవ. ఏరుకోవడం దగ్గర చాలామంది నష్టపోతారు, కాబట్టి లెక్కతో చెబుతాను. అంకెలు లెక్క కోసమే, ఏ సంత ధరా కాదు. పది పిల్లలున్నాయి. గుత్తగా ఒక్కోటి 7,000 చొప్పున 70,000 ఇస్తామన్నారు. ఇంకొకాయన ఏరుకుని ఆరింటికి 8,000 చొప్పున 48,000 ఇస్తానన్నాడు. వినడానికి రెండోదే బాగుంటుంది. మిగిలిన నాలుగూ ఏరగా మిగిలినవని సంతంతా చూస్తూనే ఉంటుంది, 5,000కు మించి అడగరు. 48,000కు 20,000 కలిపితే 68,000. ఏరుకోనివ్వాలంటే మిగిలినవాటి ధర ముందే లెక్కేసుకుని, ఆ తేడా ఏరినవాటి మీద వేసి చెప్పాలి. ఇంటి దగ్గర సరిగ్గా జట్లు కట్టుకుని వస్తే, ఏరుకోవడానికి ఎవరికీ పెద్దగా పనే ఉండదు.

తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని వేళ్లతో ధర చెప్పే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. పట్టుకున్న వేళ్లు వేలా, వందలా అన్నది అలవాటు లేనివాళ్లకు తికమకగా ఉంటుంది. తెలియకపోతే మొహమాటం లేకుండా ధర పైకి చెప్పమని అడగండి, అది మీ హక్కు. దళారిని నేను తప్పుపట్టను, మంచి దళారి ఖర్చుకు తగ్గ కొనుగోలుదారుణ్ని తెస్తాడు. కొనేవాడు ఎంత ఇస్తానన్నాడో ఆ కొనేవాడి నోటి వెంటే, మన ఎదుట వినాలి, అంతే.

తల్లి గొర్రెల దగ్గర కొనేవాళ్లు మొదట నోరు తెరుస్తారు. గొర్రెకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. ఏడాది దాటాక మధ్యలో రెండు పాలపళ్లు ఊడి వెడల్పాటి పళ్లు వస్తాయి. రెండేళ్లకు నాలుగు, మూడేళ్ల లోపు ఆరు, నాలుగేళ్లకు అటూ ఇటూగా ఎనిమిదీ నిండుతాయి. రెండు, నాలుగు పళ్ల గొర్రెకు అన్నిటికన్నా గిరాకీ, ముందు ఈతలన్నీ దానికే ఉన్నాయి. పళ్ల మధ్య సందులు పడి, అరిగి, ఒకటి రెండు ఊడితే అది మేత కొరకలేదు, ఎండాకాలం గడవడం కష్టం. అలాంటిదాన్ని పెంపకానికని అమ్మకండి, కోతకు వేరే జట్టులో పెట్టండి. ఇంకొకరి మందలోకి మన చేత్తో నష్టం పంపినట్టవుతుంది. తర్వాత పొదుగు. రెండు చన్నులూ పిండి పాలధార చూపించాలి. ఒకవైపు గట్టిగా గడ్డ తగిలితే పాత పొదుగువాపు, పిల్లకు సగం పాలే.

చూడి గురించి తెలిసిందే చెప్పాలి. గొర్రె అయిదు నెలలకు, సుమారు 150 రోజులకు ఈనుతుంది. పొట్టేలు ఎప్పుడు కలిసిందో రాసుకుంటే నెల చెప్పగలం, లేకపోతే 'చూడి కావచ్చు' అనే అమ్మాలి. ఈనడానికి నెల లోపు ఉన్నదాన్ని బండి ఎక్కించను. కుదుపులకు, తోపులాటకు ఈసుకుపోయే (నెలలు నిండకుండానే పిల్లను వేసేసే) ప్రమాదం ఉంది.

డబ్బు చేతికొచ్చాకే తాడు విప్పాలి. ఫోన్లో పంపితే అవతలివాడి తెర చూసి నమ్మకుండా, మన ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. సంతరోజు నెట్‌వర్క్ ఆగిపోతుంటుంది, యూపీఐకి సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంటుంది. పెద్ద బేరమైతే బ్యాంకు బదిలీ ముందే మాట్లాడుకోండి. ఒకే మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా పడేది తీసుకున్నవాడికే. బయానా ఇచ్చి 'సాయంత్రం వచ్చి తోలుకెళ్తా' అంటే, ఎన్ని గంటల వరకు ఆగుతారో, రాకపోతే బయానా ఏమవుతుందో చీటీ మీద రాయించుకోండి. గుత్తేదారు ఇచ్చే అమ్మకం రసీదులో ఇద్దరి పేర్లు, ఊళ్లు, తలల సంఖ్య ఉండాలి. దారిలో పోలీసులు ఆపితే కొన్నవాడికి అదే ఆధారం. దొంగ జీవాల ఫిర్యాదు వస్తే మనకూ అదే.

అమ్ముడుపోనివి మిగిలితే మధ్యాహ్నం ఎండకు భయపడి తెగనమ్మకండి. తిరుగు రవాణా ఖర్చు ఎంతో చూసుకుని, అంతకు మించి ధర తగ్గించాల్సి వస్తే ఇంటికే తోలుకెళ్లడం మేలు. ఇంటికొచ్చాక మాత్రం వాటిని మందలో కలపకూడదు. మూడు వారాలు వేరే చోట, వేరే తొట్టెలో నీళ్లు పెట్టి ఉంచాలి. ముక్కు కారడం, జ్వరం, నోట్లో పుండ్లు, పారుడు కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. గిట్టల పుండ్లు రాకుండా 10 లీటర్ల నీళ్లలో అరకిలో మైలుతుత్తం కలిపి, గిట్టలు మునిగేలా ఆ నీళ్లలో నడిపించాలి. దానికి ముందే కడుపునిండా నీళ్లు తాగించండి. దాహంతో ఉన్న గొర్రె ఆ నీళ్లు తాగితే రాగి విషం ఎక్కుతుంది, మిగతా పశువుల కన్నా గొర్రె దాన్ని తట్టుకోలేదు. బండిలో పరిచిన గడ్డిని దొడ్డి దగ్గర పారేయకుండా దూరంగా తగలబెట్టి, బండిని, తాళ్లను కడిగి ఎండబెట్టాకే మళ్లీ వాడతాను.