టంగా, దబ్బా?

పొద్దున్నే వీడియో కాల్‌లో అక్క. "రేయ్, మంట చూడు!"

అమెరికాలో, వాళ్ళుండే వెర్మాంట్‌లో బయటంతా మంచు. హాల్లో గాజు తలుపు ఇనుప పొయ్యి. కరెంటు పోయినా ఇల్లు వెచ్చగానే ఉంటుందని ఒకటే మురిపెం.

బావ కట్టెకి మీటర్ గుచ్చి చూపించాడు. తేమ 18 శాతం. 20 దాటితే పొగెక్కువ, వేడి తక్కువంట.

నేనేమో పలమనేరు చలిలో, రాగి బాయిలర్ ముందు గొట్టంతో ఊదుతున్నా. వాన తగిలిన మామిడి కట్టె. స్నానానికి ముందే కళ్ళనిండా నీళ్ళు!

అమ్మ వచ్చి రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి తట్టింది. దబ్బుమంది.

"పచ్చిదిరా ఇది. ఎండితే టంగుమనాల. పో, ఆ చింతకట్టె ఎత్తుకొని రా."

అటు బావ కూడా మీటర్ పక్కన పెట్టి రెండు తట్టాడు. ఫోన్లోంచి వినబడింది, టంగుమని.