చివరి పంటు

'నీలం' తుఫాను 2012 అక్టోబరు 31న మహాబలిపురం దగ్గర తీరం దాటిందని టీవీలో చెప్పగానే హాస్టల్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. గండం తమిళనాడు వైపు పోయింది, ఇక మన చిన్న సినిమా షూటింగుకు ఢోకా లేదనుకున్నాం. మర్నాడు అద్దె కెమెరా, ట్రైపాడ్, థర్మోకోల్ షీటు పట్టుకుని కాకినాడలో కోటిపల్లి రైలుబస్సు ఎక్కేశాం. ఒక్కటే పెట్టె ఉండే ఆ బండి ద్రాక్షారామం దాటేసరికి సన్నగా తుంపర మొదలైంది. తుఫాను ఎక్కడ తీరం దాటితేనేం, వాన మాత్రం మన గోదావరి జిల్లాలను ముంచేసింది.

మా కథ చిన్నది. తాతతో గొడవపడి మనవడు కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరం వైపు వెళ్లిపోతాడు. అప్పట్నుంచి తాత రోజూ సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని, ఆఖరి పంటులో దిగేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తాడు. ఒకరోజు మనవడు దిగుతాడు. పేరు 'చివరి పంటు'. పంటంటే తెలియనివాళ్లకు చెప్తున్నాను, మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ కలిపి ఏరు దాటించే వెడల్పాటి మరపడవ అది.

మొదటిరోజు మధ్యాహ్నందాకా మబ్బు వెలుతురులో పని బాగానే జరిగింది. మనవడు పంటెక్కే సీను, తాత ఎదురుచూపులు రెండుమూడు షాట్లు అయ్యాయి. తాత వేషం వేసింది మన కాలేజీలో రిటైరైన అటెండరు గారు. ఆయన కెమెరా వైపు చూడకుండా నీళ్లవైపే చూస్తూ కూర్చోవడం మాకు ఎవరూ నేర్పని పాఠం. మూడింటికి గాలి లేచింది. థర్మోకోల్ ఎగిరి గోదాట్లో పడింది. పంటు కట్టేశారు. రెండోరోజు, మూడోరోజు ఒకటే కుండపోత. తిరిగి వస్తుంటే దారికి రెండువైపులా కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుని ఉంది. ఒక చోట ముసలాయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి, కంకులు పైకెత్తి చూసి మళ్లీ వదిలేస్తున్నాడు. కెమెరా బ్యాగు ఒళ్లో ఉన్నా తీయబుద్ధి కాలేదు. ఇప్పటికీ తీయనందుకే సంతోషం.

దీపావళి ముందు అసలు దెబ్బ తగిలింది. మా హీరోగా వేసిన కుర్రాడి తాతగారు పోయారు. అమ్మమ్మ వాళ్ల ఇంట్లోనే పెరిగాడు వాడు. ఆయనకు కొడుకులు లేరు, కర్మ వీడే చేశాడు. పన్నెండు రోజులయ్యాక తలకు తువ్వాలు చుట్టుకుని కాలేజీకి వచ్చాడు. ఒత్తయిన ఉంగరాల జుట్టు ఉండాల్సిన చోట గుండు. వాణ్ని చూడగానే నా మనసులోకి ముందు వచ్చింది సినిమా సంగతి, తర్వాత వాడి దుఃఖం. ఆ వరస నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వేరే కుర్రాడితో మళ్లీ మొదట్నుంచీ తీద్దామంటే కెమెరా అద్దె రోజుకు 1200, మా దగ్గర మిగిలింది రెండు రోజుల డబ్బు. చివరికి నాటకాల సామాను అద్దెకిచ్చే షాపులో ఒక విగ్గు తెచ్చాం. వాడూ కాదనలేదు.

మళ్లీ కోటిపల్లి వెళ్లేసరికి కార్తీకమాసం వచ్చేసింది. మేం మొదట తీసిన రేవు ఖాళీ, ఇప్పుడు స్నానాల జనం. అప్పుడు మబ్బు, ఇప్పుడు కళ్లు చెదిరే ఎండ. రెండూ పక్కపక్కన పెడితే అతకవు. అందుకని నాలుగున్నర దాటేదాకా కెమెరా తీయలేదు. థర్మోకోల్ బదులు అటెండరు గారి తెల్ల పంచె ఇద్దరం చెరో కొసా పట్టుకుని, వాడి ముఖం మీదికి వెలుతురు మళ్లించాం. దూరం షాట్లలో విగ్గు పర్వాలేదు. దగ్గరికి వెళ్తే నుదుటి మీద వల అంచు గీత గీసినట్టు కనబడుతోంది. పౌడరు అద్దాం, జుట్టు ముందుకు దువ్వాం. ఏడో టేకు కూడా పోయింది.

నేను "ఆగండి" అన్నాను గానీ కెమెరా పట్టినవాడు ఆపలేదు. ఆ కెమెరా పన్నెండు నిమిషాలకు దానంతటదే ఆగిపోతుందిలెమ్మని వదిలేశాడట. మా హీరో మెట్టు మీదే కూర్చుండిపోయాడు. రెండు చేతులతో మెల్లగా విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడే మొలుస్తున్న వెంట్రుకల మీద అరచేయి ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి పోనిచ్చాడు. కింద ఎవరో అరటిదొప్పలో దీపం వదులుతున్నారు. అది వంకర తిరిగి పంటు పక్కనుంచి పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. మేమెవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి క్లిప్పు చూశాక వాడినే అడిగాను, "ఇది వాడుకుంటే నీకు ఇబ్బందా?" అని. కాసేపు ఆలోచించి, "విగ్గు ఒళ్లో కనబడకుండా కోసెయ్, మిగతాది ఉంచు" అన్నాడు. ఫ్రేము కొంచెం పైకి జరిపి, ఒళ్లు కనబడకుండా చేశాం. దాంతో కథే మారిపోయింది. మనవడు వస్తాడు, కానీ ఆలస్యంగా వస్తాడు. తాత కూర్చున్న మెట్టు మీద ఇప్పుడు వాడు కూర్చుంటాడు. మబ్బు వెలుతురు, ఎండ పొద్దు రెండు వేరువేరు కాలాలైపోయాయి. అతకవని భయపడ్డవి అతకక్కర్లేకుండా పోయాయి. అటెండరు గారితో తీయాల్సిన కౌగిలింత సీను కొట్టేశాం. అది ఉండి ఉంటే సినిమా చెడిపోయేదని నా గట్టి నమ్మకం.

గొడవ సీను మాటలు మాత్రం పంటు ఇంజను మోతలో కొట్టుకుపోయాయి. డబ్బింగు హాస్టల్ గదిలో, చుట్టూ పరుపులు నిలబెట్టి చేశాం. ఆ ఏడాది కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. కరెంటు పోగానే ఫ్యాన్లన్నీ ఆగి, హాస్టలంతా నిశ్శబ్దం. ల్యాప్‌టాప్‌లో ఛార్జి ఉన్నంతసేపూ, చెమటలు కక్కుతూ రికార్డు చేసేవాళ్లం. కోత ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది బహుశా మేమే.

దీపం క్లిప్పు చివర్లో పంటు నడిపే సరంగు గారి గొంతు కూడా పడింది. మేం షూటింగులో ఉన్నామని తెలియక, ఒడ్డున కూర్చున్న మా హీరోని నిజంగానే పిలిచాడాయన.

"బాబూ, ఇదే ఆఖరి పంటు. ఎక్కుతారా అండీ?"

వాడు తలూపలేదు, లేవలేదు. ఇంజను మొదలైంది. సినిమా అక్కడితో ఆపేశాం.