పటంలో పుట్టిన డెడ్ ఎండ్‌లు: నా అనుభవం

నిన్ననే రిపోర్టు ఇచ్చేసి వచ్చాను. ఒక పట్టణం పెరిగేకొద్దీ దాని వీధులు ఒకదానితో ఒకటి కలవడం మానేస్తున్నాయా లేదా అన్నది లెక్క తేల్చడం నా పని.

పాత పటాలు స్కాన్ చేయడం, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నేటి పటం మీద కూర్చోబెట్టడం, దశాబ్దానికో పొరగా రోడ్లు గీయడం... ఇదంతా సాఫీగానే సాగింది. లెక్క కూడా తేలికే. నాలుగు రోడ్ల కూడలికి 4, మూడు రోడ్లు కలిస్తే 3, అవతలికి దారి లేక ఆగిపోయే డెడ్ ఎండ్‌కి 1. దశాబ్దం దశాబ్దానికీ సగటు పడిపోతుంటే, కొత్త వీధులు కొమ్మకు రెమ్మల్లా వేలాడుతున్నాయని అర్థం. వెనక వీధి ఇంటికి వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాలి.

నా గ్రాఫ్‌లో డెడ్ ఎండ్‌లు చివరి దశాబ్దంలో ఒక్కసారిగా ఎగబాకాయి. మురిసిపోయాను. అమెరికాలో డెడ్ ఎండ్ వీధులతో కట్టిన 1929 నాటి రాడ్‌బర్న్ కాలనీ నుంచి అందుకుని ముందుమాట రాసేశాను. అమెరికాలో ఈ జాడ్యం 1994 ప్రాంతంలో శిఖరానికెక్కి తగ్గుముఖం పట్టిందని బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు 2015లో చూపించారు కదా, ఇక్కడ మాత్రం తగ్గలేదని గట్టిగా వాదించాను కూడా.

రిపోర్టు చూపించినప్పుడు అందరి ముందూ మా గైడ్ సార్ ఒక్కటే అడిగారు: "వీటిలో ఒక్క డెడ్ ఎండ్ చూపించు బాబూ, వెళ్లి చూసొద్దాం."

ఊరి అంచున ఒకటి ఎంచి జూమ్ చేశాను. రోడ్డు ఆగింది నిజమే, సరిగ్గా నేను గీసిన హద్దు గీత దగ్గర! అవతల పొలాల మీదుగా హాయిగా పోతోంది, కత్తిరించింది నేను. ఇంకోటి చూపించాను. బాగా దగ్గరికి లాగితే రెండు గీతల మధ్య వెంట్రుకవాసి సందు. గీతల కొసలను వాటంతటవే అతికించే స్నాపింగ్ ఆన్ చేయకుండా గీశాను. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పై నుంచి ఫ్యాన్ గాలి ఒక్కటే నా పక్షాన ఉంది.

మొత్తం మళ్లీ చేశాను. మీరు చేస్తే ఇవి గుర్తుంచుకోండి. హద్దుకు బయట కిలోమీటరు మేర అదనంగా తెచ్చుకుని, కూడళ్లు లెక్కపెట్టాకే కత్తిరించండి. ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటితే అది కూడలి కాదు. ఎవరైనా సవరించగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉండే తేదీ ఎవరో ఆ రోడ్డును పటంలో సవరించిన రోజు, రోడ్డు వేసిన రోజు కాదు. ఇవేవీ నాకు ముందు చెప్పని సీనియర్లకు ఓ దండం.

డెడ్ ఎండ్‌లు సగానికి పైగా మాయమయ్యాయి. ఎగబాకుడు మిగిలింది గానీ, మెట్టంత.

తర్వాత సార్‌తో నడిచి చూస్తే ఇంకో వింత. రెండు లేఅవుట్ల వీధులు ఎదురెదురుగా వచ్చాయి, నా పటంలో చక్కగా కలిశాయి. అక్కడ చూస్తే మధ్యన ప్రహరీ. ఒక మూల నాలుగు ఇటుకలు పీకేసి, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత దారి చేసుకున్నారు. కింద మట్టి నున్నగా అరిగిపోయి ఉంది.

"దీన్నేమంటావ్, డెడ్ ఎండా, దారా?" అన్నారు సార్.

నడిచేవాళ్లకి ఓ లెక్క, బండికి ఓ లెక్క అని రెండు కాలమ్‌లు పెట్టాను.