మంచం పక్క నుంచి తప్పుకున్న నర్సు ఎక్కడికి వెళ్లాలి?

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు సరిగా మూయకపోతే అదే పనిగా బీప్‌మంటూ మోగుతుంది. 2021 జూన్ నుంచి ఏడాదిన్నర పాటు నేను ఆ లిఫ్టు ఎక్కలేదు. కూరగాయల సంచులు రెండు చేతులా పట్టుకుని నాలుగో అంతస్తుకు మెట్ల మీదుగానే వెళ్లేదాన్ని. ఆ శబ్దానికీ, వెంటిలేటరు గొట్టం ఊడినప్పుడు మోగే అలారానికీ నా చెవులకు తేడా తెలిసేది కాదు. అది వినగానే అరచేతులు చల్లబడేవి, ఏడో నంబరు మంచం వైపు పరుగెత్తాలన్న ఆదుర్దా కాళ్లలోకి వచ్చేసేది.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు పూర్తిచేసి, హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరిన ఐదో నెలలో కోవిడ్ రెండో ఉధృతి మొదలైంది. మరణ సమయాన్ని కేస్ షీటులో రాయడం కాలేజీలో నేర్పుతారు కానీ, ఒకే రాత్రి డ్యూటీలో నాలుగుసార్లు రాయవలసి వస్తుందని, రెండు జతల గ్లవ్స్ వేసుకున్న వేళ్లలో పెన్ను జారిపోతుందని ఎవరూ చెప్పరు. చావులు చూసినందుకు మాత్రమే నేను అలా అయ్యానని అనుకోను. శ్వాసకు సాయపడే బైపాప్ యంత్రం ఒక్కటే ఉండి, దానికోసం ఇద్దరు ఎదురుచూస్తున్నప్పుడు ఎవరి మంచం దగ్గరకు దాన్ని తోసుకెళ్లాలో పై నుంచి ఆదేశం వచ్చేది, తోసుకెళ్లేది మాత్రం మేమే. చేయవలసింది ఏమిటో తెలిసి కూడా చేయనివ్వని పరిస్థితిలో మనసు పడే బాధను ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్త్వశాస్త్ర అధ్యాపకుడు 1984లోనే నర్సుల విషయంలో ‘నైతిక వేదన’ అనే పేరుతో వివరించారు. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతవరకూ నాది పిరికితనమనే అనుకున్నాను.

సెప్టెంబరులో ఉద్యోగం మానేశాను. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లను ఆసుపత్రి వెంటనే తిరిగి ఇవ్వలేదు, బాండు పేరు చెప్పి రెండు నెలలు తిప్పింది. “అంత కష్టపడి చదివించింది ఇంట్లో కూర్చోడానికా తల్లీ?” అని అమ్మ కోపంతో కాదు, దిగులుతో అడిగింది. సమాధానం నా దగ్గర లేదు. రోగి దగ్గరకు వెళ్లలేని నర్సు ఇక నర్సే కాదని నేనూ నమ్మాను. ఆ నమ్మకం తప్పని ఇప్పుడు నాకు గట్టిగా తెలుసు. మంచం పక్కన నిలబడకుండా చేయగలిగిన పనులు ఎన్నో ఉన్నాయి, అవన్నీ నర్సు చదువు మీద ఆధారపడినవే. అయితే వాటిలో ఏ పనిలో ఏ జ్ఞాపకం మళ్లీ ఎదురవుతుందో ముందుగా తెలుసుకోకుండా చేరితే, ఐసీయూ వదిలి కూడా ఐసీయూలోనే ఉన్నట్టుంటుంది. నేను రాయదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ముందుగా ఒక మాట. ఉద్యోగం మారడం చికిత్స కాదు. భయంకరమైన అనుభవం తర్వాత కొద్ది రోజులు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం ఎవరికైనా సహజం. నెల దాటినా అవి తగ్గకుండా, జ్ఞాపకాలు పిలవకుండానే వచ్చి మీదపడుతుంటే, ఆ చోటును, ఆ శబ్దాన్ని తప్పించుకోవడానికే రోజంతా సరిపోతుంటే, మానసిక వైద్యులను కలవాలి. గాయపడిన జ్ఞాపకం మీదే నేరుగా పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్ వంటి పద్ధతులు ఉన్నాయి, వాటితో మేలు జరుగుతుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చిన వాల్తేరు ఆసుపత్రి ప్రభుత్వానివే. ఎర్రగడ్డ అనగానే మన సినిమాలు నేర్పిన వెటకారం గుర్తొచ్చి నేను ఆరు నెలలు ఆలస్యం చేశాను, ఆ ఆరు నెలలూ వృథాగా బాధపడ్డాను. ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నవారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. చికిత్స తీసుకున్న సంగతి బయటికి పొక్కుతుందేమోనన్న భయం నర్సులకు ఎక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది.

చికిత్స సాగుతుండగా నేను మొదట చేరింది ఒక చిన్న ఆసుపత్రిలోని సీఎస్‌ఎస్‌డీలో, అంటే ఆపరేషన్ పరికరాలను శుభ్రం చేసి, సెట్లు కట్టి, ఆవిరితో స్టెరిలైజ్ చేసే విభాగంలో. నర్సింగ్ విద్యార్థులు ఈ విభాగాన్ని పోస్టింగులో రెండు రోజులు చూసి మరచిపోతారు. నాకు మాత్రం అది ఎనిమిది నెలలు నీడనిచ్చింది. పొద్దున్నే మొదటి పని బోవీ-డిక్ పరీక్ష. ఖాళీ ఆటోక్లేవులో, అంటే ఆవిరి యంత్రంలో, ఒక చిన్న ప్యాకును ఉంచి, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాల సైకిల్ నడిపి, బయటికి తీసి విప్పితే లోపలి కాగితం అంచుల నుంచి నడిమధ్య వరకూ ఒకే నలుపులోకి మారి ఉండాలి. మధ్యలో వెలిసిన మచ్చ కనిపించిందంటే లోపల గాలి చిక్కుకుందని, ఆవిరి అంతటికీ చేరలేదని అర్థం. ఆ రోజు ఆ యంత్రాన్ని వాడకూడదు. కిటికీ వెలుతురులో ఆ కాగితాన్ని పట్టుకుని చూసే ఆ క్షణం నాకు చాలా ఇష్టంగా ఉండేది. తప్పో ఒప్పో కంటికి స్పష్టంగా కనిపించేది, తప్పయితే ఎవరి ప్రాణమూ పోకముందే ఆపే అధికారం నా చేతిలో ఉండేది. ఐసీయూలో నాకు లేకుండా పోయింది సరిగ్గా అదే. సెట్టులో ఎన్ని ఆర్టరీ ఫోర్సెప్స్ ఉండాలి, ఏ కత్తెర మొన అరిగింది, జాయింటు దగ్గర రక్తపు మరక మిగిలిందా అన్నవి థియేటరులో చేతికి పరికరాలు అందించిన నర్సుకు తెలిసినంత బాగా మరొకరికి తెలియవు. అక్కడి నుంచి వెళ్లే ప్రతి ట్రే ఒక రోగి ఒంటిని తాకుతుంది. రోగిని చూడకపోయినా రోగికి కాపలా కాస్తున్నానన్న భావన మెల్లగా నాకు తిరిగి వచ్చింది.

తర్వాత మెడికల్ కోడింగ్‌కు వెళ్లాను. అమీర్‌పేటలో ఏ సందులో చూసినా దీని కోచింగ్ బోర్డు కనిపిస్తుంది కాబట్టి కొత్తగా చెప్పవలసింది తక్కువే. అమెరికా ఆసుపత్రుల వైద్య రికార్డులు చదివి, జబ్బుకు ఐసీడీ-10 కోడు, చేసిన పనికి సీపీటీ కోడు ఇవ్వాలి. కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలకు నాలుగు గంటల సమయం, 70 శాతం వస్తే ఉత్తీర్ణత. అనుభవం లేనివారికి సర్టిఫికెట్ పక్కన అప్రెంటిస్ అని సూచించే అక్షరం కొంతకాలం ఉంటుంది. మందుల పేర్లు, శరీర నిర్మాణం, కేస్ షీటు భాష ముందే వచ్చి ఉండటంతో నర్సులు దీన్ని త్వరగా అందుకుంటారు. మొదటి జీతం మాత్రం నా ఐసీయూ జీతం కంటే తక్కువే.

కోచింగ్ సెంటర్లలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నన్ను మొదట ఎమర్జెన్సీ విభాగం రికార్డులకు వేశారు. మూడో వారంలో గుండె ఆగిన ఒక రోగి రికార్డు వచ్చింది. సీపీఆర్‌కు సీపీటీ కోడు 92950. విషమ స్థితిలోని రోగిని చూసిన మొదటి 30 నుంచి 74 నిమిషాలకు 99291. సీపీఆర్ చేసిన నిమిషాలను ఈ రెండో లెక్కలో కలపకూడదు. అందుకని డాక్టరు రాసిన సమయాలను ఒక్కొక్కటిగా చూసి తీసివేత చేయాలి. ఎన్నింటికి ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు, ఎన్నింటికి ఆపారు. ఆ తీసివేత చేస్తూ చేస్తూ నేను ఏసీ ఆఫీసులో కుర్చీలో కూర్చునే మళ్లీ ఆ రాత్రిలోకి వెళ్లిపోయాను. అరచేతుల కింద పక్కటెముకలు కదిలిన స్పర్శ కూడా తిరిగి వచ్చింది. రోగి ప్రపంచానికి ఆవలివైపున ఉన్నా, రోగి కథ తెర మీదికి వస్తుందని ఆ రోజు తెలిసింది. వృత్తిలో భాగంగా ఇతరుల విషాద వివరాలను పదేపదే చదవడం, వినడం కూడా మనిషిని గాయపరచగలదని మానసిక వైద్య శాస్త్రమే ఒప్పుకుంటుంది.

మా టీమ్ లీడ్‌కు నా జబ్బు పేరు చెప్పలేదు. గతంలో ఐసీయూలో చేశానని, అత్యవసర రికార్డులు తప్ప వేరేవి ఇస్తే బాగా చేయగలనని మాత్రమే చెప్పాను. రేడియాలజీకి మార్చారు. ఎక్స్‌రేలు, స్కాన్ల నివేదికలు చిన్నవిగా ఉంటాయి, వాటిలో మనిషి చివరి గంటలు ఉండవు. కోడింగులో చేరాలనుకునే వారు కంపెనీ పేరు, జీతం అడిగినట్టే ఏ విభాగం రికార్డులు ఇస్తారని తప్పక అడగాలి. కంటి జబ్బులు, చర్మ వ్యాధులు, రేడియాలజీ, ఓపీ చూపులు ఒక లోకమైతే, ఎమర్జెన్సీ, ఇన్‌పేషెంట్ రికార్డులు పూర్తిగా వేరే లోకం.

ఇదే జాగ్రత్త ఫార్మకోవిజిలెన్సుకూ వర్తిస్తుంది. మందుల వల్ల కలిగిన దుష్ఫలితాలను నమోదు చేసి పరిశీలించే పని ఇది. మన దేశంలో జాతీయ కార్యక్రమం 2010లో మొదలై, మరుసటి ఏడాది నుంచి గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తోంది. హైదరాబాదు కంపెనీల్లోనూ ఈ ఉద్యోగాలు ఉన్నాయి. గుర్తించదగిన రోగి, గుర్తించదగిన సమాచారదాత, అనుమానిత మందు, జరిగిన హాని అనే నాలుగూ ఉంటేనే అది కేసుగా నిలుస్తుంది. నా బ్యాచ్‌మేట్ ఒకతె ఇందులో ఉంది, ఎంతో నెమ్మదస్తురాలు, పని ఆమెకు బాగా నప్పింది. కానీ ప్రాణాంతక కేసులకు గడువు తక్కువ, వాటి కథనాన్ని రోజువారీగా, మరణం వరకూ వరుసగా రాయాలి. ఆమె బాధ పసిపిల్లల వార్డులో మొదలైంది కాబట్టి పెద్దల క్యాన్సరు మందుల కేసులు చూడగలదు, టీకాల కేసులు మాత్రం చూడలేదు. ఎవరి గాయం ఎక్కడుందో వారే గుర్తించుకోవాలి, అందరికీ సరిపోయే సురక్షితమైన కుర్చీ ఏదీ లేదు.

ఆరోగ్య బీమా క్లెయిముల పరిశీలనలోనూ నర్సులను తీసుకుంటారు. బీమా నియంత్రణ సంస్థ 2024లో నగదు రహిత చికిత్స అనుమతిపై గంటలోపు నిర్ణయం చెప్పాలని నిర్దేశించడంతో ఆ బల్లల దగ్గర ఒత్తిడి పెరిగింది. నా అభిప్రాయంలో, ఎవరికి యంత్రం దక్కాలో నిర్ణయించే చోట నలిగిపోయిన నర్సుకు, ఎవరికి డబ్బు మంజూరు కావాలో తేల్చే పని అంత మంచిది కాదు. గాయం ఒకటే, రూపం మారుతుంది.

పేరులో రోగి కనిపించకపోయినా రోగి దగ్గరికే తీసుకెళ్లే ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. నర్సింగ్ కాలేజీలో ట్యూటరు పోస్టు అంటే తరగతి గది మాత్రమే అనుకుంటారు కానీ, విద్యార్థుల క్లినికల్ పోస్టింగుకు వారితో పాటు వార్డుకు వెళ్లవలసిందే, అదీ తడబడుతున్న విద్యార్థి పక్కన స్థిరంగా నిలబడటానికి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు రోజూ ఐసీయూ రౌండ్లు చేస్తుంది. క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటరు రోగుల సమ్మతి పత్రాలు దగ్గరుండి తీసుకుంటుంది, అదే పరిశోధనలో డేటా మేనేజ్‌మెంట్ వైపున్న వారికి అంకెలే తప్ప మనుషులు ఎదురుకారు. ఫోనులో సలహా ఇచ్చే టెలీ నర్సుకు రోగి కనిపించకపోవచ్చు, ఏడుపు మాత్రం వినిపిస్తుంది. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం పనిచేసే క్వాలిటీ విభాగంలో సగం పని కాగితాల మీద, సగం వార్డుల్లో ఉంటుంది. కొంత కోలుకున్నాక వార్డును లోపలి నుంచి కాక అంచు నుంచి మళ్లీ చూడాలనుకునే వారికి అది బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఏ పనిలోకి వెళ్లినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను మాత్రం వదులుకోవద్దని బతిమాలి చెబుతాను. కోపంలో రెన్యువల్ మానేసిన వారు రెండేళ్ల తర్వాత చాలా బాధపడ్డారు. గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లే ఆలోచన ఉన్నవారు వార్డు అనుభవంలో వచ్చే విరామాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నేను తిరిగి వెళ్తానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు, రిజిస్ట్రేషన్ మాత్రం బతికే ఉంది.

పోయిన వారం నల్గొండ నుంచి ఒక జూనియర్ ఫోన్ చేసింది. లేబర్ రూములో తల్లీబిడ్డా ఒకే గంటలో పోవడం చూసింది, ఉద్యోగం మానేసి మూడు నెలలైంది. చికిత్స మొదలుపెట్టింది. “అక్కా, ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావని అడిగితే ఏడుపు వచ్చేస్తుంది, ఏం చెప్పను?” అంది. అబద్ధం చెప్పొద్దు, అంతా చెప్పనూ అక్కర్లేదు అన్నాను. “లేబర్ రూములో పద్నాలుగు నెలలు పనిచేశాను, ఇప్పుడు రికార్డుల పని చేయాలనుకుంటున్నాను, కేస్ షీటు చదవడం నాకు బాగా వచ్చు” అనే మూడు మాటలు రాసిచ్చాను. తర్వాత తను అడగవలసిన ప్రశ్న కూడా రాయించాను: “ప్రసూతి విభాగం రికార్డులు కాకుండా వేరేవి ఇవ్వగలరా అండీ?” ఫోనులో నేను ఇంటర్వ్యూ చేసేవారిలా అడుగుతుంటే తను ఆ మాటలు చెప్పింది. మొదటిసారి ‘లేబర్ రూము’ దగ్గరే గొంతు ఆగిపోయింది. నాలుగోసారి చివరి ప్రశ్న వరకూ వచ్చింది. ఇంటర్వ్యూ గురువారం పదకొండు గంటలకు, బుధవారం రాత్రి మరోసారి చేద్దామని అనుకున్నాము.