పొడిలో తేలే బంగారం లెక్క

బెల్జియంలోని ఆంట్వెర్ప్ శివార్లలో నేను పనిచేసే, లోహాలు వెలికితీసే కర్మాగారానికి పాత కంప్యూటర్లు, సెల్‌ఫోన్ల సర్క్యూట్ బోర్డులు టన్నుల లెక్కన వస్తాయి. మెటలర్జీ చదివినవాణ్ణి గనుక కొలిమి దగ్గర పని ఇస్తారనుకున్నాను కానీ, నమూనాల విభాగంలో వేశారు. ఈ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది అక్కడే.

వచ్చిన సరుకును ముక్కలు కొట్టి, బాగా కలిపి, భాగాలు చేసి, ఒక భాగాన్ని మళ్లీ నలిపి, చివరికి అరచేతిలో ఇమిడేంత పొడిగా మారుస్తాం. ఆ పొడిలో బంగారం, వెండి, పల్లాడియం ఎంత ఉన్నాయని తేలితే, మొత్తం సరుకుకు ఆ లెక్కనే అమ్మినవారికి డబ్బు ముడుతుంది. చిక్కంతా రాగితోనే: అది నలగదు, రేకులా సాగి జల్లెడ మీద మిగిలిపోతుంది; దాన్ని విడిగా తూచి, విడిగా పరీక్షించకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. తరువాత పొడిని సీసంతో కరిగించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో కాలిస్తే, సీసం మూసలోకి ఇంకిపోయి బంగారం, వెండి ఆవగింజంత పూసగా మిగులుతాయి. అమ్మకందారు తరఫు మనిషి పక్కనే నిలబడి చూసుకోవచ్చు. ఇరువర్గాల ఫలితాలూ కుదరకపోతే సీలు వేసి దాచిన మరో నమూనా మూడో ప్రయోగశాలకు వెళుతుంది.

బ్యాటరీ తీసిన పాత సెల్‌ఫోన్లలో టన్నుకు సుమారు 300 గ్రాముల బంగారం ఉంటుంది. గనుల్లో టన్ను ఖనిజానికి 5 గ్రాములు వచ్చినా మంచి గనే. కొలిమిలో కరిగిన రాగి ఈ విలువైన లోహాలను తనలోకి లాక్కుంటుంది. విడిభాగాల్లో ఉండే టాంటలం, అరుదైన మృత్తిక లోహాలు మాత్రం చిట్టెంలో, అంటే కరిగిన లోహం మీద తేలే మడ్డిలో, కలిసిపోతాయి. వాటిని దక్కించుకోవాలంటే కరిగించకముందే విడిభాగాలను చేత్తో విప్పాలి. ఐరోపా కూలి రేట్లకు అది గిట్టుబాటు కాదు.

అటువంటి చేతులు మన దేశంలో ఉన్నాయి. ఢిల్లీ సీలంపూర్‌లో విడిభాగాలను విప్పే పనివారి నేర్పుకు ఏ యంత్రమూ సాటి రాదని నా నమ్మకం. ఆ తరువాత బోర్డులు మురాదాబాద్ వంటి చోట్ల బంగారం కోసం యాసిడ్‌లో మునగడమే అసలు నష్టం: మనుషుల ఊపిరితిత్తులకూ, నీటికీ, చివరికి బంగారానికీ. విప్పే పని అక్కడ, కరిగించే పని ఇక్కడ జరిగితే ఉభయులకూ లాభమే.

ప్రమాదకర వ్యర్థాలు దేశాల సరిహద్దులు దాటడాన్ని నియంత్రించే బాసెల్ అంతర్జాతీయ ఒప్పందానికి చేసిన సవరణ ప్రకారం 2025 జనవరి 1 నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు ఏవైనా సరే దిగుమతి చేసుకునే దేశపు ముందస్తు అనుమతితోనే సరిహద్దు దాటాలి. పేద దేశాల మీద చెత్త కుమ్మరించడాన్ని అడ్డుకునే ఈ నియమం నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ అనుమతికి, ఓడకు, పరీక్షకు కలిపి నెలలు పడుతుంది. చిన్న వ్యాపారి అప్పటిదాకా పెట్టుబడి ఆపుకోలేక, సాయంత్రానికల్లా నగదు చేతిలో పెట్టే యాసిడ్ తొట్టివాడికే బోర్డులు అమ్ముతాడు. ఆ నెలలు గడిచేందుకు సరిపడా బయానా ఇచ్చేవారుంటే ఆ బోర్డులు ఇటే వస్తాయి.